సంపూర్ణ నిరాకరణ పట్టణం

గుత్తుల నాగభూషణానికి అరవయ్యో ఏడు వచ్చింది గానీ, అడిగినవాడికి లేదని చెప్పడం మాత్రం రాలేదు. అలాగని నోట్లో నాలుక లేనివాడేం కాదు. నందికుదురు మున్సిపాలిటీలో ముప్ఫై రెండేళ్ళుగా ఇంటి పన్ను వసూలు చేస్తున్న బిల్ కలెక్టరు ఆయన. పెరటి గుమ్మంలోంచి జారుకునే బకాయిదార్లను సందు చివర కాపు కాసి పట్టుకున్న చరిత్ర ఉంది. సర్కారు తరఫున అడగమంటే ఎవరినైనా అడుగుతాడు. చిక్కల్లా ఎవరైనా తనను అడిగినప్పుడే.

తప్పు వాళ్ళమ్మది. బియ్యం డబ్బా అడుగు కనిపిస్తున్నా ఆవిడ నిండుకున్నాయనేదే తప్ప లేవని ఏనాడూ అనలేదు. దీపాల వేళ తథాస్తు దేవతలు ఇళ్ళ మీదుగా పోతుంటారనీ, లేదన్న మాట చెవిన పడితే తథాస్తు అనేసి తమ దారిన తాము పోతారనీ ఆవిడ నమ్మకం. ఆ దేవతల డ్యూటీ వేళలు కచ్చితంగా తెలియక భూషణం ఇరవై నాలుగు గంటలూ జాగ్రత్తపడ్డాడు.

దాంతో బస్టాండులో పర్సు పోగొట్టుకున్నవాళ్ళూ, ఆసుపత్రిలో తమ్ముణ్ణి చేర్పించినవాళ్ళూ, తిరుపతి నుంచి వస్తూ తప్పిపోయినవాళ్ళూ వెతుక్కుంటూ ఆయన దగ్గరకే వచ్చేవారు. ఒకతను తల్లి పోయిందని ఏడ్చి వంద తీసుకెళ్ళాడు. ఆరు నెలలకు మళ్ళీ వచ్చి తల్లి పోయిందన్నాడు. అదేమిటి బాబూ అంటే, "ఈవిడ పెద్దమ్మండి" అన్నాడు. భూషణం పెద్దమ్మకు కూడా ఇచ్చాడు. 

"ఊళ్ళో పోయినోళ్ళందరూ మన ఖర్చు మీదే పోతన్నారేంటండీ?" అని భార్య అనంతలక్ష్మి నెత్తి కొట్టుకుంది.

ఈ గొడవ మొగుడూ పెళ్ళాల మధ్య ఉండిపోవలసింది. కానీ ఆ రోజుల్లోనే రాజధానిలో ఒక పెద్ద అధికారికి, రైల్వే ప్లాట్‌ఫారం మీద, పర్సు పోయినవాడు తగిలాడు. ఆయన రెండు వందలిచ్చాడు. మరుసటి వారం అదే మనిషి, అదే పర్సు. మళ్ళీ ఇచ్చాడు. మూడో వారం వాడు, "ఈసారి కొంచెం పెంచి ఇప్పించండి సార్, టికెట్టు రేట్లు పెరిగాయి" అన్నాడు. పెంచి ఇచ్చాడు. మామూలు మనిషైతే తన తెలివితక్కువతనానికి తనే సిగ్గుపడి ఊరుకునేవాడు. ఈయన అధికారి గనక, ఇది సమాజంలో నైపుణ్య లోపమని గ్రహించాడు.

వెంటనే అధ్యయన సంఘం ఒకటి మూడు చల్లటి దేశాలకు వెళ్ళి ఇరవై ఒక్క రోజులు తిరిగింది. అక్కడ వాళ్ళను ఎవరూ ఏమీ అడగలేదు. ఆ దేశాల ప్రజలకు కాదనడం బాగా వచ్చు గనకే అక్కడ అడిగేవాళ్ళు లేరని నాలుగు వందల పేజీల నివేదిక ఇచ్చింది. ఆ నివేదిక కడుపున 'అపరిచిత ధనాభ్యర్థన నిరాకరణ నైపుణ్య పథకం' పుట్టింది. పేరు పూర్తిగా పలికేలోపు అడిగినవాడు విసుగెత్తి వెళ్ళిపోతాడు కాబట్టి సగం పని అక్కడే అయిపోతుందని సచివాలయంలో సంతోషించారు.

నందికుదురు మున్సిపాలిటీ నోటీసు బోర్డు మీదకు సర్క్యులర్ వచ్చింది. "ఇందుమూలముగా సమస్త ఉద్యోగులకు తెలియజేయడమేమనగా, అపరిచిత వ్యక్తులు ధనము అభ్యర్థించు సందర్భములలో సదరు ఉద్యోగి జాలి, సంకోచము, మొహమాటము మొదలగు లోపములకు లోనుగాక నిరాకరించగల సామర్థ్యమును ధ్రువపత్రము ద్వారా నిరూపించుకొనవలెను. ధ్రువపత్రము లేనివారి పదోన్నతి పరిశీలించబడదు."

ఆఖరి వాక్యం చదివి భూషణం అక్కడే స్తంభానికి చేరగిలబడ్డాడు. పన్నెండేళ్ళ నుంచి కదలని ఆయన ప్రమోషన్ ఫైలు సరిగ్గా ఆ నెలలోనే కదిలింది. ఇంకో రెండేళ్ళలో రిటైరవుతాడు. రెవెన్యూ ఇన్‌స్పెక్టరైతే జీతం ఏమంత పెరగదు, కానీ కుర్చీ వస్తుంది. బిల్ కలెక్టరుకు ఆఫీసులో కుర్చీ ఉండదు. ఆయన ఉండవలసింది వీధుల్లో గనక కుర్చీ ఎందుకని ఎవరో ఎప్పుడో రాసిపెట్టారు. ముప్ఫై రెండేళ్ళు నిలబడి చేసిన ఉద్యోగం, మోకాళ్ళు రెండూ అరిగిపోయాయి. ఆఖరి రెండేళ్ళు కూర్చుని పనిచేసి దిగిపోవాలన్నది ఆయనకున్న ఒకే ఒక్క కోరిక. అనంతలక్ష్మి అప్పుడే కుర్చీ మీదకు దిండు కుట్టేసింది కూడా.

శిక్షణ తరగతులు మున్సిపల్ కల్యాణ మండపంలో పెట్టారు. హైదరాబాదు నుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. మండుటెండల్లో కోటు, టై. ఎక్కడికక్కడ చెమట కారుతున్నా తుడుచుకోకుండా, "ఒక అపరిచితుడు వచ్చి మిమ్మల్ని డబ్బులడిగాడు. ఏమంటారు?" అని అడిగాడు.

"చిల్లర లేదు, మళ్ళీ రా అంటానండి," అన్నాడు హెడ్ గుమస్తా.

"పై ఇంటికెళ్ళు అంటామండి," అంది జనన మరణాల సెక్షన్ ఆవిడ.

"మా ఆవిణ్ణి అడిగి చెప్తానంటానండి," అన్నాడు ఇంజనీరు.

"చూద్దాంలే," అన్నాడు శానిటరీ ఇన్‌స్పెక్టరు. ఆయన ఏ ప్రశ్నకైనా అదే జవాబు చెబుతాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ ఒక్క మాటతోనే పట్టణాన్ని శుభ్రంగా ఉంచుకొస్తున్నాడు.

శిక్షకుడు బాధగా కళ్ళు మూసుకున్నాడు. "ఇవేవీ నిరాకరణలు కావు. వాయిదాలు! వెయ్యేళ్ళ చరిత్రలో తెలుగు జాతి సూటిగా ఒక్కసారి కాదనలేదు. అందుకే ఇలా ఉన్నాం," అన్నాడు. ఎదుటివాడి కళ్ళలోకి చూస్తూ, మూడు సెకన్లలో, కారణం చెప్పకుండా, చేతులు కదపకుండా ఒకే ఒక్క మాట అనాలి. లేదు. అంతే. మండపంలో నూట ఎనభై మంది లేచి నిలబడి ముక్తకంఠంతో లేదు, లేదు అని గంటసేపు అభ్యాసం చేశారు. పెళ్ళి సంబంధం ఖాయం చేసుకుని మండపం బుక్ చేద్దామని వచ్చిన వాళ్ళెవరో గుమ్మంలో ఆ ఘోష విని, శకునం బాగోలేదని వెనక్కి తిరిగిపోయారు. భూషణం పెదవులు కదిపాడే గానీ శబ్దం రానివ్వలేదు. పైన ఎవరు పోతున్నారో ఏమో!

ఇక పరీక్షలు. పరీక్ష పెట్టాలంటే అడిగేవాళ్ళు కావాలి. ఊళ్ళో అడుక్కునేవాళ్ళకు కొదవ లేదు గానీ, సర్కారు పనికి ఎవరిని పడితే వాళ్ళను పెట్టుకోకూడదు కదా. టెండరు పిలిచి, 'అధీకృత అభ్యర్థకులు' అనే ఉద్యోగాలు సృష్టించారు. డిగ్రీ, కంప్యూటర్ పరిజ్ఞానం, రెండేళ్ళ అనుభవం ఉన్నట్టు పూర్వపు యజమాని ఇచ్చిన సర్టిఫికెట్ ఉండాలి. మున్సిపల్ ఆఫీసు మెట్ల మీద నలభై ఏళ్ళుగా అడుక్కుంటున్న పోలమ్మ కూడా వెళ్ళి అడిగింది. యజమాని ఎవరన్నారు. దేవుడంది. సంతకం తీసుకురమ్మన్నారు. చివరికి ఆ ఉద్యోగాలన్నీ పని లేని ఇంజనీర్లకు దక్కాయి.

అలా ఒక ఉదయం ముప్ఫై దాటిన మనిషి ఒకతను, మెడలో కార్డు వేలాడేసుకుని భూషణం ఇంటికొచ్చాడు. "నమస్కారమండీ. అధీకృత అభ్యర్థకుణ్ణి. మీకిప్పుడు పరీక్ష మొదలవుతుంది," అని చెప్పి, గొంతు సవరించుకుని, "సార్, నా పర్సు పోయింది. ఊరెళ్ళాలి" అన్నాడు.

"అయ్యయ్యో, ఎక్కడ పోయింది బాబూ?"

"పోలేదండి. పరీక్ష."

"పోనీలే, దొరికిందన్నమాట. మరి మొహం అలా పీక్కుపోయిందేం? టిఫిను తిన్నావా?"

అతను కార్డు చూసుకున్నాడు, కాగితం చూసుకున్నాడు. ఈ ప్రశ్నకు అందులో జవాబు లేదు. "నాలుగు నెలల్నించి జీతం ఇవ్వలేదండి. మా ఆవిడ పుట్టింటికెళ్ళిపోయింది," అన్నాడు. ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళు నిజంగానే చెమర్చాయి. భూషణం లోపలికి కూచోబెట్టి నాలుగు ఇడ్లీలు పెట్టించి ఐదు వందలు చేతిలో పెట్టాడు. అతను దణ్ణం పెట్టి, కళ్ళు తుడుచుకుని, కాగితం మీద సున్నా వేసి వెళ్ళాడు. మళ్ళీ రెండుసార్లు పరీక్ష పెట్టారు. రెండుసార్లూ అంతే.

రెండో దశలో పౌరులకు కూడా పరీక్ష తప్పనిసరి చేశారు. ధ్రువపత్రం లేకపోతే కుళాయి కనెక్షన్ ఇవ్వరు. అనంతలక్ష్మి, పరీక్షించేవాడు గేటు మీద చెయ్యి వెయ్యగానే లేదు పొమ్మంది. అతనింకా నోరే తెరవలేదు గనక మార్కులెలా వెయ్యాలో తెలియక రాజధానికి రాశారు. నూటికి నూట పది వెయ్యమని జవాబొచ్చింది.

మొగుడికి మాత్రం మూడు సున్నాలు. ఇక లాభం లేదని భూషణం ట్యూషన్ పెట్టించుకున్నాడు, పోలమ్మ దగ్గర. లేదన్న మాటను ఊళ్ళో అందరికంటే ఎక్కువసార్లు విన్నది ఆవిడే కదా.

"అదొక పెద్ద ఇద్దె బాబూ," అంది పోలమ్మ, మెట్టు మీద కాళ్ళు చాపుకుని. "కారోళ్ళయితే అద్దం ఎక్కించేత్తారు. కుర్రోళ్ళు పోను సెవిలో ఎట్టుకుంటారు. అది మోగదు, ఏటీ లేదు, ఆళ్ళే అలో అలో అనేసుకుంటారు. గుడికాడైతే నన్ను సూడకుండా దేవుడికేసి సూత్తారు. ఈ కోటోడు సెప్పినట్టు కళ్ళల్లోకి సూసి లేదన్నోడు నలబయ్యేళ్ళలో ఒక్కడు కూడా లేడు. కళ్ళల్లోకి సూత్తే అనలేరు బాబూ."

అయినా అభ్యాసం మొదలైంది. పోలమ్మ చెయ్యి చాపి, ధర్మం చెయ్యండి బాబూ అనేది. భూషణం కళ్ళలోకి చూసి, 'లే' అన్నదాకా వచ్చి ఆగిపోయేవాడు. ఈలోగా చెయ్యి దానంతటది జేబులోకి పోయి పదో ఇరవయ్యో పట్టుకొచ్చేది. పోలమ్మ ఆ నోటు తిరిగి ఇచ్చేసేది. "ఇది సదువు బాబూ, యాపారం కాదు. యాపారం పది గంటల్నించి," అనేది. నెల రోజులు నేర్పింది. భూషణానికి నేర్పిన కొద్దీ ఇవ్వడమే ఇంకా బాగా వచ్చింది.

ఈలోపు ఊరు పాసైపోయింది. గుమ్మాల మీద మామిడి తోరణాల పక్కన ధ్రువపత్రాలు వేలాడాయి. పరీక్ష పాసైన ఊళ్ళో ఇంటి పన్ను వసూలుకు వెళ్ళిన భూషణం గతి ఏమైందో వేరే చెప్పాలా? మొదటి ఇల్లు రిటైర్డ్ హెడ్‌మాస్టరుగారిది. ఆయన తలుపు తీసి, కళ్ళలోకి చూసి, రెండు సెకన్లలో "లేదు" అన్నాడు.

"నేనండి మాస్టారూ, భూషణాన్ని. ముప్ఫై రెండేళ్ళుగా వస్తున్నాను కదండీ!"

"ఏడాదికి రెండుసార్లు వస్తావు, డబ్బులడుగుతావు, పోతావు. ఏనాడన్నా మంచినీళ్ళు తాగావా? దాన్ని పరిచయం అంటారుటయ్యా?" అని తలుపేసుకున్నాడు. న్యాయం ఆయన పక్షానే ఉంది.

ఆర్నెల్లలో పన్ను రూపాయి రాలేదు. ఆ సంగతి ఆఫీసులో ఎవరూ గమనించలేదు. కానీ కౌంటర్ల దగ్గర మామూళ్ళు కూడా ఆగిపోయేసరికి మూడో రోజునే అత్యవసర సమావేశం పెట్టారు. సమావేశంలో కమిషనరు అయోమయం తొలగించాడు. "గుమస్తాలు ప్రజలకు అపరిచితులు కారు. నిత్యం తిప్పించుకోవడం వల్ల ఏర్పడిన గాఢ పరిచయం అది. కనుక మామూళ్ళు పథకం పరిధిలోకి రావు," అన్నాడు. ప్రజలు ఒప్పుకోలేదు. వాళ్ళకు కొత్తగా చదువొచ్చిన సరదా. కరెంటు వాళ్ళు బిల్లు కోసం వస్తే కమిషనరు కూడా కళ్ళలోకి చూసి లేదన్నాడు. వీధి దీపాలు ఆరిపోయాయి. ట్రెజరీ అధికారి రాష్ట్రంలోనే మొదటి ర్యాంకు. ఆయన ధాటికి జీతాలాగిపోయాయి. ఇంత జరుగుతున్నా సమీక్షా సమావేశంలో నందికుదురుకు మెచ్చుకోలే దక్కింది. ఎందుకంటే కాగితం మీద ఊరు తొంభై తొమ్మిది పాయింట్ తొమ్మిది తొమ్మిది శాతానికి చేరింది.

ఆ మిగిలిన పిసరు భూషణం.

కమిషనరు పిలిపించాడు. "ఏవయ్యా, రాష్ట్రంలో మొట్టమొదటి సంపూర్ణ నిరాకరణ పట్టణంగా మనల్ని ప్రకటించడానికి మంత్రిగారు స్వయంగా వస్తున్నారు. నీ ఒక్కడి మూలాన ఊరి పరువు దశాంశ స్థానంలో వేలాడుతోంది. వేదిక మీదే నీకు ఆఖరి పరీక్ష. పాసయ్యావా, అక్కడే ప్రమోషన్ ఆర్డరు. తప్పావా, పదవీ విరమణ దాకా చెత్త డంపింగ్ యార్డులో నిలబడతావు. అక్కడ స్టూలు కూడా ఉండదు," అన్నాడు.

సభ రోజు వచ్చింది. కరెంటు లేదు గనక జనరేటరు తెప్పించారు. దాని యజమాని అద్దె అడిగితే లేదన్నారు. అందుకని ఆయన ఫ్యాన్లకు వైరు పీకేసి, మంత్రిగారి మొహం చూసి మైకుకు మాత్రం ఉంచాడు. జనం వచ్చారు. మంత్రిగారు మాట్లాడారు. ఆఖరి పౌరుడు వేదిక ఎక్కాడు. తీరా చూస్తే అడిగేవాళ్ళు లేరు. అధీకృత అభ్యర్థకులు జీతాల కోసం పొద్దున్నే సమ్మెకు దిగారు.

"పోలమ్మను పిలవండి," అన్నాడు హెడ్ గుమస్తా.

"ఆవిడ వాడికి పంతులమ్మ. అపరిచితులే కావాలి!" అని కమిషనరు విరుచుకుపడ్డాడు. ముప్ఫై రెండేళ్ళు గడపగడపా తొక్కిన మనిషికి ఊళ్ళో అపరిచితులెక్కడి నుంచి వస్తారు? అందరూ ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. తర్వాత అందరి చూపులూ నెమ్మదిగా ఒకవైపుకే తిరిగాయి. ఎన్నికలయ్యాక నాలుగేళ్ళుగా నందికుదురు మొహం చూడని మనిషి వేదిక మీద ఒక్కరే ఉన్నారు.

మంత్రిగారు ఉత్సాహంగా లేచారు. "నేనే అడుగుతాను! అడగడం నాకు కొత్తా ఏమిటి?" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. ఆయన కండువా తీసి పక్కన పెట్టి, జుట్టు చెదరగొట్టుకుని, భూషణం ముందుకొచ్చి చెయ్యి చాపారు. "అన్నా, పర్సు పోయిందన్నా. పొద్దుట్నించి ఏమీ తినలేదు. ఇంటికాడ పిల్లలు ఎదురు చూస్తుంటారు. ఒక్క పది రూపాయలుంటే ఇప్పించన్నా."

ముప్ఫై ఏళ్ళుగా ఇంటింటికీ తిరిగి ఓట్లడిగిన గొంతు. ఎక్కడ వణకాలో అక్కడ వణికింది. ముందు వరసలో ఇద్దరు ఆడవాళ్ళు కొంగుతో ముక్కు తుడుచుకున్నారు. అనంతలక్ష్మి గుప్పిళ్ళు బిగించి మొగుడికేసే చూస్తోంది. భూషణం కళ్ళలోకి చూశాడు. ఉక్కకు మంత్రిగారి మొహం వాడిపోయి ఉంది. పెదాలెండిపోయాయి. 'లే' అన్నంత వరకూ వచ్చింది. ఎంత పెద్దవాడికైనా ఒక్కోరోజు పర్సు పోతుంది కదా అనిపించింది. అంతే, చెయ్యి వెళ్ళిపోయింది. పది నోటు బయటికొచ్చింది.

అక్కడితో ఆగినా భూషణం ఫెయిలయ్యేవాడు, కథ అయిపోయేది. కానీ ఆ నోటు ఎదురుగా కనిపించగానే మంత్రిగారి కుడిచెయ్యి అందుకుంది, ఎడమచెయ్యి లాల్చీ అంచు ఎత్తింది, నోటు లోపలి జేబులోకి పోయింది. ఆయన కిందికి చూడనైనా లేదు. అదంతా అలవాటున జరిగిపోయింది. సభలో రెండు వందల ఫోన్లు ఆ అలవాటును వీడియో తీశాయి.

సాయంత్రానికి రాష్ట్రమంతా చూసింది. మంత్రి ఉద్యోగి దగ్గర లంచం తీసుకున్నాడని ఎదుటి పక్షం వాళ్ళు అరిచారు. లంచం కాదు, విరాళం అని ఈ పక్షం వాళ్ళన్నారు. సర్కారు ఉద్యోగి పార్టీకి విరాళమివ్వడం నేరమని ఎవరో గుర్తు చేశారు. పోనీ పన్ను అందామంటే రసీదు లేదు. ధర్మం అందామంటే మంత్రి ముష్టెత్తాడని ఒప్పుకోవాలి. ఇన్ని చిక్కుల మధ్య ప్రభుత్వం చేయగలిగిన పని ఒక్కటే. ఒక రిటైర్డ్ ఉన్నతాధికారితో ఏకసభ్య విచారణ సంఘం వేసింది.

విచారణ మున్సిపల్ ఆఫీసులోనే. విషయ నిపుణురాలిగా పోలమ్మను పిలిచారు. యజమాని సంతకం అడక్కుండానే ఆవిడ అనుభవాన్ని సర్కారు గుర్తించింది. ఆవిడకు వీడియో చూపించి, "ఇందులో జరిగింది యాచనేనా?" అని అడిగాడు అధికారి.

పోలమ్మ రెండుసార్లు శ్రద్ధగా చూసింది. "అడగటం బానే అడిగాడండి. గొంతు బావుంది. సెయ్యి కూడా ఎంత సాపాలో అంతే సాపాడు. కానీ పుచ్చుకున్నాక సల్లగుండు నాయనా అనలేదండి. దీవించకుండా జేబులో ఏసుకుంటే దాన్ని మాలో అడుక్కోటం అనరండి."

"మరేమంటారు?"

"ఆపీసుల్లో దానికేదో పేరుంటాది బాబయ్యా. తవరికే తెలవాల."

ఆ ముక్క రాయనక్కర్లేదని అధికారి స్టెనోకు చెప్పాడు. చెప్పింది చెప్పినట్టు రాయడం అలవాటైన స్టెనో, రాయనక్కర్లేదన్న ముక్క కూడా రాసేశాడు.

తర్వాత భూషణాన్ని లోపలికి పిలిచారు. బల్ల మీద ఒక తెల్ల కాగితం, పక్కనే కొత్త కుర్చీ. దాని ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా విప్పలేదు. "కూర్చోవయ్యా," అన్నాడు కమిషనరు ప్రేమగా. ముప్ఫై రెండేళ్ళలో ఆ ఆఫీసులో ఆ మాట వినడం ఆయనకు అదే మొదలు. భూషణం కూర్చున్నాడు. మోకాళ్ళు హమ్మయ్య అన్నాయి.

"వేదిక మీద నేను మంత్రిగారికి ఏమీ ఇవ్వలేదు, అది కెమెరా దోషం అని రాసి సంతకం పెట్టు. నువ్వు ఇవ్వకపోతే పరీక్ష పాసైనట్టే. ఈ కుర్చీ నీదే," అన్నాడు అధికారి.

భూషణం ఆ కాగితం వంక చూశాడు. ఆయనకు చాలా కష్టం వేసింది. ఎదురుగా ఇద్దరు పెద్దమనుషులు నోరు తెరిచి అడుగుతున్నారు. ఇవ్వవలసింది ఒక్క సంతకం, జేబు కూడా తడుముకోనక్కర్లేదు. కానీ ఇచ్చినదాన్ని ఇవ్వలేదని చెప్పడమంటే పెట్టిన అన్నాన్ని వెనక్కి లాక్కోవడంలా తోచింది ఆయనకు.

"ఇచ్చానండి," అన్నాడు. "రాయనండి."

మెల్లగానే అన్నాడు గానీ గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. కమిషనరు బెదిరించాడు. రాయనండి. అధికారి బతిమాలాడు. రాయనండి. రాజధాని నుంచి ఫోను చేయించి చెవి దగ్గర పెట్టారు. అవతల మంత్రిగారు అన్నా అన్నారు, తమ్ముడూ అన్నారు, ఆఖరికి బాబాయ్ అన్నారు. చెమటలు కక్కుతూనే భూషణం అదే మాట చెప్పాడు. మూడు గంటలు గడిచాయి. ఆయన లేచి, దణ్ణం పెట్టి, కుంటుకుంటూ ఇంటికి పోయాడు.

అంతా వింటూనే అనంతలక్ష్మి కంచం కడిగి పెట్టింది. "ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఒక్కరికన్నా కాదని చెప్తారేమోనని ఎదురు చూశానండి. చూసి చూసి కుర్చీ వచ్చే రోజునే చెప్పారా?" అంది. అంటూనే కంచంలో అన్నం పెట్టి, అడక్కుండానే ఇంకో గరిటె నెయ్యి వేసింది. మొగుణ్ణి చూసి ఆవిడ గర్వపడింది. ఆ సంగతి పైకి చెప్పే అలవాటు లేదు గనక నెయ్యితో సరిపెట్టింది.

పది రోజులకు విచారణ నివేదిక వెలువడింది. దాని సారాంశం ఇది. "సదరు ఉద్యోగి మూడు గంటలపాటు ఉన్నతాధికారుల, మంత్రివర్యుల అభ్యర్థనలను, భయమునకు గానీ ప్రలోభమునకు గానీ లొంగక, నిరాకరించియున్నాడు. ఇంతటి నిరాకరణ సామర్థ్యము గల వ్యక్తి, కేవలము పది రూపాయల నిమిత్తము సరదాగా చేసిన అభ్యర్థనకు లొంగెననుట నమ్మదగినది కాదు. కావున ఇతడు ఏమియు ఇవ్వలేదని, మంత్రివర్యులు ఏమియు పుచ్చుకొనలేదని నిర్ధారించడమైనది. ఇతనిని ప్రథమ శ్రేణిలో ఉత్తీర్ణునిగా ప్రకటించి, వెంటనే పదోన్నతి కల్పించవలెను."

అలా నందికుదురు నూటికి నూరు శాతం నిరాకరణ సాధించింది. భూషణం ఆఫీసుకెళ్ళి, ఇచ్చానండీ అని మొరపెట్టుకున్నాడు. ఆయనకు ఆర్డరూ, కుర్చీ అప్పగించి, అభ్యంతరముంటే అప్పీలు చేసుకోమన్నారు. అప్పీళ్ళు వినే అధికారి నిరాకరణలో స్వర్ణ పతకం పుచ్చుకున్నవాడు.

రెవెన్యూ ఇన్‌స్పెక్టరుగా కుర్చీలో కూర్చున్న మొదటి రోజు భూషణం నిజంగా సుఖపడ్డాడు. రెండో రోజు నుంచి జనం రావడం మొదలైంది. నివేదిక ఎవరూ చదవలేదు, వీడియో అందరూ చూశారు. నాలుగు జిల్లాల్లో పర్సులు పోయినవాళ్ళంతా ఆయన బల్ల ముందు వరస కట్టారు. వచ్చినవాళ్ళ కష్టం వినడానికి లేస్తూ, కూర్చుంటూ, మళ్ళీ లేస్తూ ఆయన మోకాళ్ళు మొదటికొచ్చాయి.

ఒక మధ్యాహ్నం, వరస కాస్త పలచబడ్డాక, కమిషనరు లోపలికొచ్చాడు. తలుపు దగ్గరగా వేశాడు. కూర్చోలేదు. చాలాసేపు గోడ మీది క్యాలెండరు చూశాడు.

"భూషణంగారూ," అన్నాడు చివరికి. ఆయన నోట ఆ గారు రావడం భూషణం ఎన్నడూ వినలేదు. "జీతం వచ్చి అయిదు నెలలైంది. ట్రెజరీవాడు నా మొహం కూడా చూడకుండానే లేదంటున్నాడు. ఇంట్లో చాలా ఇబ్బందిగా ఉందండి. ఒక వెయ్యి సర్దగలరా?"

భూషణం లేచి నిలబడ్డాడు. డంపింగ్ యార్డు మాట గుర్తురాకపోలేదు. కానీ కమిషనరు మొహం వాడిపోయి ఉంది, చొక్కా ఇస్త్రీ లేదు. భూషణం జేబులో మిగిలిన రెండు ఐదొందల నోట్లూ తీసి ఆ చేతిలో పెట్టి వేళ్ళు మూశాడు.

కమిషనరు గబగబా జేబులో దాచుకుని అటూ ఇటూ చూశాడు. "దయచేసి ఈ సంగతి ఎవరికీ చెప్పకండి."

"చెప్పినా ఎవరూ నమ్మరండి," అన్నాడు భూషణం. "నేను ఎవరికీ ఏమీ ఇవ్వనని గవర్నమెంటు ఆర్డరుంది కదండీ."